నాలుగో బోల్టు

మాల్డన్ రేవు బురదలో
పక్కకి ఒరిగి పడుకునే ఉంటుంది ఈనిడ్ పడవ.
పోటు వస్తేనే నిటారుగా లేస్తుంది,
అదీ రెండు గంటలసేపు.
ఆ రెండు గంటల్లోనే ఇంజన్ పైకి రావాలి.
ఒరిగిన పడవలో వేలాడదీస్తే
ఊగి ఊగి పక్క చెక్కల్ని పగలగొడుతుంది.

నన్ను పిలిచింది నా జ్ఞానం చూసి కాదు,
నా చెయ్యి చూసి.
నాలుగు బోల్టుల్లో మూడు డెస్మండ్ విప్పేశాడు.
నాలుగోది ఫ్లైవీల్ వెనక, చీకట్లో,
అతని అరచెయ్యి పట్టని సందులో ఉంది.
"జ్ఞానదంతాలు పీకుతావుగా, రా" అంది ఈనిడ్,
పోయిన నెల నేను పీకిన వైపు చెంప తడుముకుంటూ.

పంటిపోటు నా బతుకుతెరువు, ఏటిపోటు వాళ్ళది.
రెండూ మన వీలు చూసుకుని రావు.

బోర్లా పడుకున్నాను.
డీజిలూ ఉప్పూ తడి గోనెపట్టా కలిసిన వాసన.
కళ్ళతో పని లేదు.
ఇది గొట్టం, ఇది తీగ, ఇది తుప్పు.
గార పట్టిన పంటి మీద పరికరం జారినట్టు
జారి, జారి, ఒక అంచు దొరికింది.
మూడు వారాలుగా రోజూ పొద్దున్నే
ఈనిడ్ దానికి ఉగ్గు పోసినట్టు నూనె పోస్తోంది.
ఐనా మొండికేసింది.
నా వేలి కణుపు చీరుకుపోయాక
కిర్రుమంది.

దూలానికి కప్పీ కట్టి గొలుసు లాగాం.
ఒక్కో లంకె ఒక్కో టక్కు.
గుమ్మం దగ్గర ఆగింది: అరంగుళం తక్కువ.
వాళ్ళ నాన్న చేతులతో చేసిన గుమ్మం.
ఈనిడ్ రంపం వైపు చూసింది, నీళ్ళ వైపు చూసింది.
"కొయ్యి" అంది.

ఇంజన్ లేని గుంటలో నల్లటి నీళ్ళు.
గరిటెతో తోడుతుంటే ఒక జడపిన్నూ, పాత నాణెమూ,
తర్వాత ఒక పానా.
పిడి మీద గోటితో గీకినట్టు రెండక్షరాలు.
ఈనిడ్ దాన్ని చీర కుచ్చెళ్ళంత జాగ్రత్తగా
గుడ్డ మడతల్లో పెట్టింది.
"దీన్ని విల్ఫ్ అమ్ముకుని తాగాడన్నాడు నాన్న.
డెబ్భై ఒకటిలో. వాడు ఆ సాయంత్రమే బస్సెక్కాడు."
"తర్వాత?"
"తర్వాతేముంది. క్రిస్మస్ కార్డులు."

శీతాకాలమంతా షెడ్డులో పని.
అతుక్కుపోయిన రింగులు డెస్మండ్ విడదీశాడు.
వాల్వులు నాకిచ్చారు.
పేస్టు రాసి, అరచేతుల మధ్య తిప్పుతూ
గంధం తీసినట్టు అరగదీశాను,
బూడిదరంగు వలయం ఎక్కడా తెగకుండా కనబడేదాకా.
విప్పిన ప్రతి ముక్కా కట్టుడుపళ్ళ డబ్బాల్లో దాచి
మీద తెలుగులో రాశాను: ఎడమ, పై, వెనక నుంచి రెండు.
డెస్మండ్ ప్రతిసారీ నన్ను కేకేయాల్సొచ్చేది.
చివర్లో ఒక వాషర్ మిగిలింది.
డబ్బా మీద రాత నాకే అర్థం కాలేదు.
"డాక్టర్ వి కదా" అన్నాడు.

ఏప్రిల్‌లో, పొద్దున ఆరూ నలభై పోటుకి,
మొదటిసారి దగ్గింది. రెండోసారి అదీ లేదు.
మూడోసారి తెల్లటి పొగ కక్కి,
కాసేపు తన మాట తనే వెతుక్కుని,
డుగ్ డుగ్ మంటూ పట్టుకుంది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఈనిడ్ టీ కప్పు ఇంజన్ మూత మీద పెట్టి
అలలు లెక్కపెడుతున్నట్టు చూసింది.

తొమ్మిదింటికి పోస్టాఫీసు తెరిచారు.
పానా వార్తాపత్రికలో చుట్టి, పైన విట్బీ అడ్రసు.
"లోపల ఏముంది?" అడిగాడు కౌంటర్ కుర్రాడు.
"ఇనుము."
"విలువ ఎంతని రాయమంటారు?"

ఈనిడ్ పెన్ను పట్టుకుని నిలబడింది.
వెనక ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు.
అవతల ఆటు మొదలై చాలాసేపయింది.
పడవ ఈపాటికి
మళ్ళీ పక్కకి ఒరిగి ఉంటుంది.